ఎడమ కాలు చేసే పని

జ్ఞానదాసు ఎడమ మోకాలు వంగదు. పదకొండేళ్ల క్రితం కట్టుబడి పనిలో పరంజా మీద నుంచి జారిపడినప్పుడు అది అలా బిగిసిపోయింది. బహ్రెయిన్‌లో సల్మానియా ఆసుపత్రి మంచం దిగిన రోజున, ఇక తనను ఇంటికి పంపేస్తారనే అనుకున్నాడు. పంపలేదు. వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ అబూ నాసర్‌కు కట్టుబడి పనులతో పాటు సిత్రా రేవులో చేపల పడవలను మరమ్మతుకు ఒడ్డెక్కించే పని కూడా ఉండేది. ఆయన ఒక పాత అమెరికన్ పికప్ తాళం తెచ్చి జ్ఞానదాసు చేతిలో పెట్టాడు. ఆ బండికి క్లచ్ లేదు. ఉన్నవి రెండే పెడళ్లు. రెండింటికీ కుడికాలు చాలు. ఎడమకాలిని చాపి ఓ పక్కన ఉంచుకుని, నాటి నుంచి అతడు పడవలు లాగుతున్నాడు.

మామూలు బండ్లలో ఎడమకాలు చేసే పనిని ఈ బండిలో టార్క్ కన్వర్టర్ చేస్తుంది. అంచులు కలిపి అతికించిన రెండు ఉక్కు గిన్నెల్లా ఉంటుంది. లోపల నూనె. ఇంజను వైపు రెక్కలు ఆ నూనెను చిలుకుతాయి. నూనె తోసిన తోపుకు గేర్‌బాక్సు వైపు రెక్కలు తిరుగుతాయి. రెక్కను రెక్క తాకదు. తాకకుండానే అంత బరువు కదులుతుందని మొదటిసారి విన్నప్పుడు జ్ఞానదాసుకు అది యంత్రం గురించిన మాటలా కాక, దేవుడి గురించిన మాటలా అనిపించింది.

ఆ కన్వర్టర్ ఇప్పుడు మాడిపోయింది. మొదటిది ముసలితనంతో పోయింది కనుక ఎవరూ ఏమీ అనలేదు. దాని స్థానంలో వేసినది మాత్రం నాలుగు నెలలకే మాడింది.

అబూ నాసర్ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదని జ్ఞానదాసుకు తోచింది. వచ్చీరాని హిందీలో ఆయన చెప్పింది ఇంతే: "గురువారం మూడు పడవలు. బండి లాగితే లాగింది. లేకపోతే ఖలాస్. జపాన్ బండి తెప్పిస్తున్నాను."

జపాన్ బండికి క్లచ్ ఉంటుంది. జ్ఞానదాసు సంగతి ఏమిటన్నది ఆయన చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ లేదు.

మంగళవారం మధ్యాహ్నం సల్మాబాద్‌లోని గ్యారేజీకి వెళ్లేసరికి మెకానిక్ ముత్తన్న బల్ల మీద మూడు కన్వర్టర్లను వరసగా పేర్చి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. అతనిది జగిత్యాల వైపు ఊరు. పదిహేనేళ్లుగా ఇక్కడ గేర్‌బాక్సులు విప్పడమే పని.

"రా దాసన్నా. పెండ్లిచూపులకు ముగ్గుర్ని కూసవెట్టిన. సూస్కో," అన్నాడు.

"కొత్తది దొరకలేదా?"

"ముప్పయ్యేండ్ల బండికి కొత్తది ఎవడు దాసిపెట్టుకుంటడే? ఓడల రావాలె. నెల దినాలైతది. నీకున్నయి రెండు దినాలు." ముత్తన్న మొదటిదాని మీద తట్టాడు. అది చిన్నది, ఎర్రరంగు మెరిసిపోతోంది. "ఇది సఖీర్ ఇసుకల ఎగురుతయి సూడు, ఆ పందెం బండ్లది. ఇంజను నిమిషానికి మూడువేలు తిరిగినంక పట్టుకుంటది. పట్టుకున్నదంటే పులే."

"పోయినసారి వేసింది ఈ జాతిదే కదా?"

"జాతి అదే. ఇది ఇంకింత మంచిది." రెండోదాన్ని చూపించాడు. "ఇది షోకు కారుది. రెండువేల కాడ పట్టుకుంటది. ఇటూ గాదు, అటూ గాదు. ఇగ ఇది..." మూడోది పెద్దది. రంగు లేదు. అంచుల మీద పాత తుప్పు గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. "చెడిపోయిన బండ్లను గుంజుకపోతది గదా, ఆ రికవరీ బండిది. పదిహేను నూర్లకే పట్టుకుంటది. గాని వట్టి మొద్దు. సిగ్నల్ కాడ నువ్వు కదిలేసరికి నీ ఎన్కున్నోడు హారన్ గొట్టి గొట్టి సస్తడు."

"మూడూ మన బండికి సరిపోతాయా?"

"సరిపోతయి. మూడింటిని కోసి, కడిగి, లోపలియి మార్చి మల్ల అతికిచ్చిన. ఏది బిగియ్యాల్నో నువ్వు జెప్పు."

"మెకానిక్కువి నువ్వు. నన్నడుగుతావేంటి?"

"నేన్ జెప్ప. పోయినసారి మన తెలివి సూసినం గద."

పోయినసారి జరిగింది ఇది. అప్పుడూ బల్ల మీద రెండు కన్వర్టర్లు ఉన్నాయి. ఏది వేయాలో తేలలేదు. జ్ఞానదాసు రెండు కాగితం ముక్కల మీద ఒకటి, రెండు అని రాసి, మడిచి, టోపీలో వేసి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసి ఒకటి తీశాడు. వేములవాడ రాజన్నకు కోడెను కట్టివచ్చిన ముత్తన్నకు అందులో వింతేమీ కనిపించలేదు. ఏ దేవుడైతేనేం, తీసింది దేవుడు. పందెం బండిది వచ్చింది. వేశారు. నాలుగు నెలలకు అది మాడి, రేవంతా కమురు కంపు కొట్టింది.

చీటీ వేయడం జ్ఞానదాసుకు గ్యారేజీలో పుట్టిన బుద్ధి కాదు. కొత్త సంవత్సరం నాడు క్రైస్తవ సహవాసంలో అందరూ బైబిలు వాక్యం రాసిన వాగ్దానపు కార్డు ఒకటి తీసుకుంటారు. ఆ ఏడంతా ఆ వాక్యమే తోడు. మిగతావారికి అది ఏడాదికి ఒక్కరోజు. జ్ఞానదాసుకు మాత్రం దారి చీలిన ప్రతిచోటా ఒక చీటీ. నరసాపురం వదిలి బహ్రెయిన్ రావాలా వద్దా అన్నది చీటీ. మహూజ్‌లో గది తీసుకోవాలా, మనామాలోనా అన్నది చీటీ. పెళ్లి సైతం చీటీయే: రెండు సంబంధాలు, రెండు కాగితాలు, రెబెకా పేరు వచ్చింది. యాభై మూడేళ్లలో 'ఇది నేను ఎంచుకున్నాను' అని చూపించగలిగిన వస్తువు అతని దగ్గర ఒక్కటీ లేదు. ఈ సంగతి అతడు గమనించకపోలేదు. దానికి వినయమని పేరు పెట్టుకున్నాడు.

ఇప్పుడు కూడా చెయ్యి తనంతట తానే టోపీ మీదికి వెళ్లింది. "మూడు చీటీలు రాద్దాం. కాయితం ఉందా?"

"మల్లనా? మీ యేసయ్యకు గేర్‌బాక్స్ పని రాదని పోయినసారే తెల్వలేదానే!"

"అలా అనకు, ముత్తన్నా."

"అనక? ఆయన వడ్ల పని, కట్టె పని చేసిండని నువ్వే చెప్తివి. వడ్లాయన్ని పట్టుకొచ్చి కన్వర్టర్ల ముందట కూసవెడితె ఆయనేం చేస్తడు పాపం? తలుపు చెక్కమంటె చెక్కుతడు."

జ్ఞానదాసు నవ్వు ఆపుకోలేకపోయాడు. అయినా మూడు చీటీలు రాశాడు. తెల్లవారాక ఇంట్లో ప్రార్థన చేసుకుని తీస్తానని చెప్పి, జేబులో వేసుకుని బస్సెక్కాడు.

సాయంత్రం రెబెకా ఆసుపత్రి డ్యూటీ నుంచి వచ్చేసరికి అతడు చీటీలను మంచం మీద వరసగా పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆమె చెప్పులు విప్పుతూ వాటివంక చూసింది.

"ఏంటండీ అవి? మళ్లీ చీటీలా?"

"రేపొద్దున్న తీస్తాను."

"పోయినసారి తీసిన చీటీ ఇంకా కంపు కొడుతోంది. ఆ చొక్కా రెండుసార్లు ఉతికాను."

"అలా తేలిగ్గా మాట్లాడకు, రెబెకా. నిన్ను నాకిచ్చింది చీటీయే."

రెబెకా టీ పెట్టబోతున్నదల్లా స్టవ్ ఆపి వచ్చి ఎదురుగా కూర్చుంది. "ఈ మాట ఇరవయ్యారేళ్లుగా వింటున్నాను. ఇవాళ ఒకటి చెప్తాను, కోప్పడకూడదు మరి."

"చెప్పు."

"ఆ రోజు రెండు చీటీల మీదా నా పేరే ఉందండీ."

అతనికి వెంటనే అర్థం కాలేదు. "రెండోది స్టెల్లా పేరు కదా. అమ్మే రాసింది. నా ఎదురుగానే రాసింది."

"మీ ఎదురుగానే రాశారు. ఆవిడ ఏం రాశారో మీరు చూశారా?"

చూడలేదు. కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్నాడు. తీసిన చీటీ విప్పాడు; రెండోదాన్ని అమ్మ పొయ్యిలో వేసేసింది.

"అత్తయ్యగారు పోయే ముందు నాతో అన్నారు. 'స్టెల్లా మంచి పిల్లేనే, కానీ నా కొడుక్కి ఎదురు చెప్పే మనిషి కావాలి. వాడు తేల్చుకోలేడు. అందుకని నేనే తేల్చేశాను. దేవుడు అడిగితే నేను జవాబు చెప్పుకుంటాను' అని."

"ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదు?"

"దేవుడిచ్చిన పెళ్లామని మీరు కాస్త భయభక్తులతో ఉన్నారు. చేజేతులా చెడగొట్టుకుంటానా?"

జ్ఞానదాసుకు మొదట కోపం వచ్చింది. మోసపోయిన కోపం. అయితే ఎవరి మీద చూపాలో తెలియక అది అతనిలోనే తిరిగి తిరిగి చల్లారింది. ఇరవయ్యారేళ్ల ఈ సంసారం మంచిదే. మంచిదని రోజూ కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. అది ఈ క్షణంలో చెడ్డది కాలేదు. మారింది ఒక్కటే: దాని వెనుక ఒక మనిషి ఉంది. అమ్మ ఇద్దరు ఆడపిల్లలను చూసి, తన కొడుకును చూసి, ఆలోచించి, తన పేరున ఆ భారం ఎత్తుకుంది. అడిగితే జవాబు చెప్పుకుంటానంది. చీటీ ఏనాడూ అలా అనలేదు. మంచి జరిగితే దేవుడిది. చెడు జరిగితే ఎవరిదీ కాదు. తాను వినయమని పిలుచుకున్నది, నింద మోయడానికి మనిషి మిగలని ఏర్పాటు మాత్రమే కావచ్చు. దేవుడు ఆ రోజు చీటీలోనే ఉన్నాడని, రాస్తున్న అమ్మ చేతిలో లేడని తనకు ఎవరు చెప్పారు?

రెబెకా టీ తెచ్చింది. "సరే. ఆ బండి రేవులో ఏం చేస్తుందో చెప్పండి. నాకేమీ తెలియదనుకుని చెప్పండి."

"ఏముంది? పడవను లాగుతుంది."

"ఎలా లాగుతుంది?"

అతడు చెప్పసాగాడు. పడవ చక్రాల చట్రం మీద కూర్చుని ఉంటుంది. సముద్రం వెనక్కి తీసినప్పుడు బండిని నీళ్లలోకి దిగే సిమెంటు ఏటవాలు మీద నీటి అంచుదాకా దింపి, గొలుసు తగిలించాలి. ఆ కింది భాగమంతా పచ్చటి నాచు. అక్కడ తొందరపడితే చక్రాలు జారతాయి. చక్రం ఒక్కసారి జారిందా, పడవ బండిని కూడా వెనక్కి ఈడ్చుకుపోతుంది. అందుకని గట్టిగా తొక్కకూడదు. "ఇంజను మూలుగుతూ ఉండాలి, అరవకూడదు. ఇంజను వేగం చూపే సూది పదిహేను వందలు దాటిందంటే పని చెడినట్టే. పదకొండేళ్లలో నేను ఆ వాలు మీద ఎన్నడూ..."

మాట ఆగిపోయింది. టీ గ్లాసు చేతిలోనే ఉంది.

"ఎన్నడూ?" అంది రెబెకా.

"ఎన్నడూ మూడువేలు తిప్పలేదు."

మూడువేలు తిరిగితే గాని పట్టుకోని కన్వర్టర్‌ను వేసుకుని, మూడువేలు ఎన్నడూ తిప్పని చోట నాలుగు నెలలు పని చేయించాడు. లోపల నూనె చిలుకుతూనే ఉంది. పట్టు మాత్రం దొరకలేదు. చిలికిన శ్రమంతా వేడి అయింది. ఆ వేడికే మాడింది. అది చెడ్డ సరుకు కాదు. ఇసుకలో అది పులే. దాని బలం మొదలయ్యే చోటికి రేవులో తను ఒక్కసారైనా వెళ్లలేదు.

"ఆ మొద్దుదే కావాలి," అన్నాడు నెమ్మదిగా. "పదిహేను వందలకే పట్టుకునేది."

"అయితే ఇంకేం?"

"తప్పయితే?"

"మీ తప్పవుతుంది," అంది రెబెకా. "తప్పయ్యాక ఎవరిదో ఒకరిది కావాలి కదా. టీ తాగండి, చల్లారిపోతోంది."

బుధవారం పొద్దున గ్యారేజీలో అడుగు పెడుతూనే అతడు మూడోదాని మీద చెయ్యి వేశాడు.

ముత్తన్న పెదవి విరిచాడు. "ఇదా? ఎడ్లబండి అయితది దాసన్నా. సీటీల ఇదే వచ్చిందా?"

"చీటీ తీయలేదు."

"మరి ఎవలు జెప్పిండ్రు?"

"ఎవరూ చెప్పలేదు. నేనే అంటున్నాను." ఆ మాట నోటికి కొత్తగా ఉంది. చెప్పాక కాళ్లకింద నేల అలాగే ఉంది.

కారణం వివరించాడు. నాచు, సూది, పదిహేను వందలు. ముత్తన్న పానా పట్టుకుని విన్నాడు. విన్న తర్వాత పానాను బల్ల మీద పెట్టేశాడు.

"థూ, నా బతుకు!" అన్నాడు. "పదిహేనేండ్ల సంది బిగిస్తున్న. బండి ఎంత తిరుగుతది అని అడిగిన గని, ఏడ తిరుగుతదని ఎన్నడన్న అడిగిన్నా? పోయినసారి నువ్వు పదిహేను నూర్లు అనలేదు, నేను అడగలేదు. ఇద్దరం గలిసి టోపీని అడిగినం." ఒక్క క్షణం ఆగి, మళ్లీ పానా అందుకున్నాడు. "నడువ్. నూనె సల్లగయ్యేటందుకు ముందట ఒక చిన్న జాలి గూడ కడుత. అది నా దిక్కుకెళ్లి."

మధ్యాహ్నానికి పాత కన్వర్టర్ బయటికి వచ్చింది. దాని నుంచి కారిన నూనె నల్లగా, కాలిన కాఫీలా ఉంది. కొత్తగా ఎంచిన దానిలో ముత్తన్న లీటరు నూనె పోసి, గేర్‌బాక్సు ఇరుసు మీదికి ఎత్తాడు. బరువుకు ఇద్దరూ పట్టుకోవలసి వచ్చింది.

"చెయ్యి వెట్టు. తిప్పుకుంట లోపలికి దొబ్బు. మూడుసార్లు దిగాలె. రెండుసార్లు దిగి ఆగిందనుకో, పైకి అంత మంచిగనే కనవడ్తది. బోల్టులు బిగించినంక లోపల పంపు పలుగుతది."

ఒకసారి దిగింది. కాస్త తిప్పగా రెండోసారి దిగింది. ఆ తర్వాత ఎంత తిప్పినా కదల్లేదు. ముత్తన్న నుదుటి చెమట గేర్‌బాక్సు మీద రాలుతోంది. జ్ఞానదాసు కళ్లు తెరిచే ఉంచాడు. తోయడం మాని, వేళ్లతో మెల్లగా అటూ ఇటూ ఊపాడు. ఉన్నట్టుండి అరచేతిలో ఏదో మెత్తగా ఒదిగినట్టయింది. కన్వర్టర్ బొటనవేలంత లోపలికి పోయింది.

"మూడు!" అన్నారిద్దరూ.

గురువారం పదకొండు గంటలకు సముద్రం వెనక్కి తీసింది. రేవులో నాచు ఎండకు మెరుస్తోంది. అబూ నాసర్ జపాన్ బండిని తెప్పించే ఉంచాడు. తెల్లగా, కొత్తగా ఉంది. దాని బంగాలీ డ్రైవరు తలుపు తీసుకుని సిద్ధంగా నిలబడ్డాడు. ముత్తన్న భోజనం వేళకు ముందే గ్యారేజీ నుంచి జారుకుని వచ్చాడు.

"ముందు ఇది," అన్నాడు అబూ నాసర్, కొత్త బండిని చూపిస్తూ.

బంగాలీ డ్రైవరు మంచివాడు, పని తెలిసినవాడే. గొలుసు తగిలించి, క్లచ్‌ను ఆచితూచి వదిలాడు. బండి నాలుగడుగులు ఎక్కింది. చక్రం జారింది. అతడు ఇంకొంచెం తొక్కాడు. నాచు వెనక్కి చిమ్మింది; పడవ, దానితో పాటు బండి, ఆ నాలుగడుగులూ వెనక్కి వచ్చేశాయి. మూడుసార్లు అలాగే జరిగింది. మూడోసారికి క్లచ్ కాలిన వాసన వచ్చింది. అబూ నాసర్ చెయ్యి ఎత్తాడు.

"బస్. దాసూ, నువ్వు."

జ్ఞానదాసు ఎడమకాలిని రెండు చేతులతో ఎత్తి లోపల చాపుకున్నాడు. బండిని నీటి అంచుకు దింపాడు. గొలుసు పడింది. గేరు వేసి, కుడిపాదం బ్రేకు మీద నుంచి తీసి రెండో పెడల్ మీద ఆనించాడు.

సూది తొమ్మిది వందలు. బండి కదల్లేదు. వెయ్యి. గొలుసు లేచి తిన్నగా సాగింది. బండి వణుకుతోంది, కదలడం లేదు.

"యల్లా, యల్లా! దబాఓ!" ఇంకా తొక్కమని అబూ నాసర్ గట్టు మీద నుంచి అరుస్తున్నాడు.

తొక్కాలన్న కోరిక పాదంలోకి వచ్చింది. దాన్ని అక్కడే ఉండనిచ్చాడు. పన్నెండు వందలు. ఇది తప్పయితే తన తప్పు. ఈ ఆలోచన అతడు ఎదురుచూసినట్టు భయపెట్టలేదు. పాదాన్ని నిలకడగా ఉంచింది. పద్నాలుగు వందలు. ఇంజను గొంతు మారింది. మూలుగు లోతుకు దిగి, సీటు కిందుగా ఏదో పెద్ద చెయ్యి నేలను పట్టుకున్నట్టనిపించింది.

చక్రం జారలేదు. తిరిగింది. పావు చుట్టు, అర చుట్టు. పడవ ముక్కు నీళ్లలోంచి లేచింది.

"పట్టిందే! దాసన్నా, పట్టింది! ఎక్కు! ఎక్కు నా బర్రె!" ముత్తన్న నాచు పక్కన పరుగెడుతూ కేకలు పెడుతున్నాడు. ఒకచోట జారి కూలబడ్డాడు. కూర్చునే చప్పట్లు కొట్టాడు.

బండి తొందరపడలేదు. మనిషి నడక కన్నా నిదానంగా, ఒక్క అంగుళమైనా వెనక్కి ఇవ్వకుండా, నీళ్లు కారుతున్న ఆ పడవను నాచు దాటించి, తడి సిమెంటు దాటించి, పొడినేల మీదికి తెచ్చింది. జ్ఞానదాసు బండి ఆపాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

ముత్తన్న బానెట్ ఎత్తి, నూనె కొలిచే పుల్ల బయటికి లాగి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్లీ వాసన చూశాడు. "ఎర్రగనే ఉన్నది! కమురు వాసన లేదు! సల్లగ, షర్బత్ లెక్క ఉన్నదే!"

అబూ నాసర్ కూడా వంగి చూశాడు. "ఈ సామాన్ ఏది? ఎవరు ఎంచారు?" అని ముత్తన్నను అడిగాడు.

ముత్తన్న నోరు తెరిచేలోపే జ్ఞానదాసు కిటికీలోంచి జవాబు చెప్పాడు. "నేను ఎంచాను. మాడిపోయి ఉంటే నన్నే అడగవలసింది."

అబూ నాసర్ అతని వైపు చూశాడు. నవ్వాడు. బంగాలీ డ్రైవరు వైపు తిరిగి, కొత్త బండిని కట్టుబడి సైటుకు తోలుకుపొమ్మన్నాడు. ఆ తర్వాత వాలు అంచున గొలుసు పక్కనే నిలబడి, నీళ్లలో ఉన్న రెండో పడవను చూపించాడు. అది మొదటిదాని కన్నా పెద్దది.

"యల్లా, దాసూ."

జ్ఞానదాసు గేరు వేయలేదు. ఆ గొలుసు తెగితే మనిషి కాలు ఉండదు. పదకొండేళ్లుగా అబూ నాసర్ అక్కడే నిలబడుతున్నాడు; పదకొండేళ్లుగా జ్ఞానదాసు లోలోపల ప్రార్థన చేసుకుంటూ బండి లాగుతున్నాడు.

"అక్కడ కాదు, అబూ నాసర్," అన్నాడు. "పది అడుగులు పక్కకు జరుగు. అప్పుడు లాగుతాను."

కఫీల్ కనుబొమలు పైకి లేచాయి. కాళ్ల దగ్గరి గొలుసును ఒకసారి చూసుకున్నాడు. తన తెల్లని తోబ్ అంగీ అంచును చేత్తో ఎత్తి పట్టుకుని, లెక్కపెట్టినట్టుగా పది అడుగులు పక్కకు జరిగి నిలబడ్డాడు.

జ్ఞానదాసు బండిని నీళ్లకు దింపాడు.